పలక మీద పగిలిన చోట

బరువు నెత్తిమీద ఉంటే దించుకోవచ్చు, భుజంమీద ఉంటే మార్చుకోవచ్చు. నాది నాలుక మీద ఉంది. ఒక పేరు. ఒక పిల్ల పేరు. ఆ పిల్ల నా ఎదుటే పెరిగింది. నా చేతి ముద్దలు తిన్నది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. నేను మాత్రం అమ్మాయ్ అంటాను, పాపా అంటాను, ఇదిగో అంటాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ముద్దుకి అనుకున్నారు.

ముద్దుకి కాదు.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పగలిగితే ఈపాటికి చెప్పే ఉండేదాన్ని. నేను మూడో తరగతి దాకా చదివాను, రాయడం నాకు నిదానం. చెప్పడం మాత్రం వచ్చు. తిరువూరులో మా బజారు పిల్లలందరూ మా అరుగు మీద కథలు వింటూ పెరిగినవాళ్ళే. ఒకసారి విన్నది నా బుర్రలోంచి పోదు. అదొక వరం అనేవాళ్ళు అందరూ. మరిచిపోవడం చేతకాకపోవడం వరమో కాదో ఇది చదివాక మీరే చెప్పండి.

నేను చేసిన తప్పులు రెండు. మొదటిది ఒక దారం సంగతి. చేత్తో చేశాను. రెండోది ఒక మాట సంగతి. మొదటిది బయటపడకుండా నోటితో చేశాను. ఆ మాట మన భాషది కాదు. ఇప్పుడు ఎవరి భాషా కాదు. దాని అర్థం నాకు తెలిసీ, నన్ను నమ్మి అడిగిన మనిషికి వేరే అర్థం చెప్పాను.

మా దొడ్డి గోడకి అవతల ఇంట్లో ఒక మాస్టారు ఉండేవారు. డెబ్బైల మొదట్లో మాట. క్రైస్తవులు. వాళ్ళ నాన్నగారు కూడా పంతులే. ఈయన చిన్నప్పటినుంచీ చురుకైనవాడని, బైబిలు నాటి పాత భాషలు నేర్చుకు రమ్మని మిషన్ వాళ్ళు పైదేశం పంపించారట. ఆయన అవి నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఇంకో భాష వెంట పడ్డారు. లువియన్ అంటారట దాన్ని. ఇప్పుడు టర్కీ అనే దేశం ఉందే, అక్కడ, క్రీస్తు పుట్టడానికి ఎంతో ముందు మాట్లాడేవాళ్ళట. ఆ మనుషులు లేరు. భాషా లేదు. మట్టి పలకల మీద మేకుతో గుచ్చినట్టుండే అక్షరాలు మాత్రం మిగిలాయి. తండ్రికి జబ్బు చేస్తే మాస్టారు తిరిగొచ్చి, ఇక్కడే బడిలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. భార్య కాన్పులో పోయింది. ఆయనకి మిగిలినవి ఆ కూతురూ, ఆ భాషా.

బడి నుంచి రాగానే వరండాలో కూర్చుని, పైదేశంలో ఉన్న గురువుగారు పంపిన పలకల ఫొటోలు భూతద్దం పెట్టి చూస్తుండేవారు. మా ఆయన గోడమీంచి తొంగిచూసి, బియ్యంలో రాళ్ళేరుతున్నారా మాస్టారూ అని ఆటపట్టించేవాడు. రాళ్ళు దండిగా ఉన్నాయండీ, బియ్యమే దొరకట్లేదు అనేవారాయన.

గోడమీంచి కూర అటు వెళ్ళేది. అటునుంచి ఇటు ఏదీ వచ్చేది కాదు. మా అత్తగారు రానిచ్చేది కాదు. ఆయన గిన్నె పట్టుకుంటే నేను తగలకుండా పైనుంచి వంచేదాన్ని. అది తప్పని నేను ఏనాడూ అనలేదు. ఆయన కూతురూ మా చిన్నోడూ ఒకే ఈడు. ఇద్దరినీ మా అరుగు మీద కూర్చోబెట్టుకుని, కథ చెప్తూ ముద్దలు పెట్టేదాన్ని. గిన్నెలు మాత్రం విడివిడి. ఇది కూడా రాస్తున్నాను. తర్వాత చెప్పబోయేదానికి మొదలు ఇక్కడే ఉందని నా అనుమానం.

ఆ ఎండాకాలం మా ఆయన రెడ్డిగూడెం దగ్గర మామిడితోట గుత్తకి తీసుకుని, అక్కడే కాపలా పడుకుంటున్నాడు. ఇక్కడ చిన్నోడికి జ్వరం పట్టుకుంది. మొదట వడదెబ్బ అనుకున్నాం. తర్వాత ఒకరోజు పొద్దున్నే వాణ్ణి మంచం దింపితే కాలు నేలకి ఆనలేదు. గుడ్డపీలికలా వాలిపోయింది. ఆస్పత్రిలో చూసి, బెజవాడ తీసుకెళ్ళమన్నారు. మా ఆయనకి కబురు పంపాం. ఆయన రావాలి, బస్సెక్కాలి. ఎల్లుండి అన్నారు. నాకు ఎల్లుండిదాకా ఆగే ఓపిక లేకపోయింది. ఓపికా? కాదు. ఇంకేదో దారి ఉందని నాకు తెలుసు. అదే నా ఖర్మ.

మా అమ్మమ్మది నెమలి అనే ఊరు. నా కథలన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే. కథలతోపాటు ఇంకొకటి కూడా నేర్పింది. దిష్టి తీయడం మన ఊళ్ళో అందరికీ వచ్చు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఇది అది కాదు. ఎర్రదారం, నల్లదారం కలిపి పేనాలి. జబ్బుపడిన పిల్లాడి తల నుంచి కాలివేళ్ళ దాకా కొలిచి చేతికి చుట్టాలి. మర్నాడు మిట్టమధ్యాహ్నం, మనిషి నీడ కాళ్ళ కిందికి వచ్చే వేళ, తెంపకుండా విప్పాలి. విప్పినదాన్ని పారెయ్యకూడదు. పారేస్తే వెతుక్కుంటూ వెనక్కి వస్తుంది. దానికి వేరే ఇల్లు చూపించాలి. అదే ఈడు పిల్ల. మన రక్తం కాని పిల్ల. ఆ పిల్ల చెయ్యి తగిలే వస్తువుకి దారం చుట్టి, మనసులో పేరు తలుచుకుని, చేతికి అందించాలి. అందించాక వెనక్కి చూడకూడదు.

ఇదంతా చెప్పి అమ్మమ్మ నా గడ్డం పట్టుకుని, తెలిసుండాలి గానీ చెయ్యకూడదే అంది. చెయ్యకూడనిది నేర్పడం ఎందుకని నేను అడగలేదు. చిన్నదాన్ని. ఇప్పుడు అడగాలని ఉంది. నువ్వు చేశావా అమ్మమ్మా? ఎవరి పేరు తలుచుకున్నావు?

చిన్నోడికి తాటిముంజల బండి ఒకటి ఉండేది. మీరూ చిన్నప్పుడు తోసే ఉంటారు. తిన్న ముంజకాయలు రెండు చక్రాలు, మధ్యలో పుల్ల, వెనకనుంచి తోయడానికి పంగలకర్ర. ఆ కర్రకి, చేత్తో పట్టుకునే చోట, మర్నాడు వాడి చేతినుంచి విప్పిన దారం చుట్టాను. గట్టిగా, ఒత్తుగా చుట్టాను. చూసేవాళ్ళకి అందానికి చుట్టినట్టే ఉంది. గోడ దగ్గరికి వెళ్ళాను. ఆ పిల్ల వాళ్ళ వేపచెట్టు కింద ఒక్కతే గచ్చకాయలు ఆడుకుంటోంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. కాకి కూడా అరవట్లేదు. నా నీడ నా కాళ్ళ కింద నల్లగా ముడుచుకుని ఉంది.

పేరు తలుచుకున్నాను.

నాకేనా పెద్దమ్మా అని అడిగింది ఆ పిల్ల. నీకే అన్నాను. కర్ర అందుకుని వెంటనే పరుగెత్తింది. నేను తిరిగి ఇంట్లోకి నడిచాను. వెనక్కి చూడలేదు. చెవులకి మాత్రం ఎవరూ అడ్డం చెప్పలేదుగా. గచ్చు మీద ఆ బండి గడగడమని పోయే చప్పుడు నా వీపు మీదుగా ఇంటి లోపలికి వచ్చింది.

ఎందుకు ఆ పిల్ల? ఆ ఈడు పిల్లలు మా బజార్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎందుకు తలుచుకోలేదు? వాళ్ళ తల్లులు నాకు తెలుసు కాబట్టి. ఈ పిల్లకి తల్లి లేదు. తల్లి లేని పిల్ల అని జాలిపడి ముద్దలు పెట్టినదీ నేనే, తల్లి లేని పిల్ల కదా, అడిగేవాళ్ళు ఎవరని పేరు తలుచుకున్నదీ నేనే. రెండూ ఒకటే చెయ్యి. మావాళ్ళు కాదు అన్న మాట ఆ వేళ మనసులోకి రాలేదా? వచ్చింది. గిన్నెలు విడిగా పెట్టడం మరిగిన మనసుకి ఆ మాట కొత్తేం కాదు.

సాయంత్రానికి చిన్నోడు లేచి కూర్చున్నాడు. ఒళ్ళు చల్లబడింది. కాలు మెల్లగా స్వాధీనంలోకి వచ్చింది. బెజవాడ వెళ్ళే పని లేకపోయింది.

ఆ తర్వాతి వారం ఆ పిల్లకి జ్వరం వచ్చింది. మాస్టారు భుజాన వేసుకుని బెజవాడ బస్సెక్కారు. పోలియో అన్నారు. ఎడమకాలు పోయింది.

చదువుకున్నవాళ్ళు మీరు ఏమంటారో నాకు తెలుసు. మా వాడిదీ అదే జ్వరం అయుంటుంది, పైపైన వచ్చి పోయింది, వాడు ఆడుకున్న బండి మీంచో నేను కలిపిన ముద్దలోంచో ఈ పిల్లకి అంటుకుని ఉంటుంది అంటారు. తర్వాత ఒక డాక్టరు కూడా నాకు అదే చెప్పాడు. అయితే నాకు ఏం తేలికైంది? దారం వల్లనైనా, బండి వల్లనైనా అందించింది నేనే. జబ్బుకి మనసు లేదు. నాకుంది. జబ్బు ఆ పిల్లని ఎంచుకోలేదు. నేను ఎంచుకున్నాను.

ఇంకొకటి ఉంది. మంచం దిగాక ఆ పిల్ల మొదట పట్టుకున్నది ఆ పంగలకర్రనే. తిరగేసి చంకలో పెట్టుకుని ఇల్లంతా గెంతేది. దారం అలాగే ఉంది. నేను రోజూ చూసేదాన్ని. ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది. విప్పలేదు. విప్పితే వెనక్కి వస్తుంది కదా. మీకు అర్థమైందా? ఆ పిల్లని అలా చూస్తూ కూడా నేను మా వాడి కోసమే భయపడ్డాను.

రెండు వేసవులు గడిచాయి. ఒక ఆదివారం వాళ్ళ గుడిలో ప్రార్థన అయ్యాక మాస్టారు గోడ దగ్గరికి వచ్చారు. చేతిలో కొత్త ఫొటో ఉంది. మనిషి చిన్నపిల్లాడిలా ఉన్నారు. ఆ పలక మీద ఉన్నది జబ్బు తీసే తంతట. తీసేది ఒక ముసలావిడట. ఆయన ఒక్కొక్క వరసా వేలుపెట్టి చదివి, తెలుగులో చెప్పారు. ఒక్కసారే విన్నాను. ఇప్పటికీ చెప్పగలను. ముసలావిడ ఎర్ర ఉన్ని, నీలం ఉన్ని తీసుకుంటుంది. కలిపి పేనుతుంది. రోగి తలకీ చేతులకీ కాళ్ళకీ చుడుతుంది. తర్వాత విప్పుతుంది. విప్పిన దాన్ని...

అక్కడ ఆగారు. ఎక్కడి టర్కీ, ఎక్కడి నెమలి. మా అమ్మమ్మ మట్టిలోంచి లేచి, ఈయన నోటితో మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఎవరో వేల ఏళ్ళ కిందటే నన్ను చూసి రాసిపెట్టారు అనిపించింది.

"ఇక్కడ పలక పగిలిపోయింది అక్కయ్యగారూ," అన్నారాయన. "విప్పిన దాన్ని ఫలానాకి ఇస్తుంది అని ఉంది. ఎవరికో, దేనికో తెలీదు. ఆ మాటలో మొదటి రెండు అక్షరాలే మిగిలాయి. ఈ మాట ఇంకే పలకలోనూ రాలేదు. మీరు దిష్టీ అవీ తీస్తారు కదా. మనవాళ్ళు విప్పిన దారాన్ని ఏం చేస్తారు?"

"ఇవన్నీ అడిగితే మీ దేవుడు ఊరుకుంటాడా మాస్టారూ?" అన్నాను, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"ఆయనకి చెప్పకండి." ఆయనా నవ్వారు. వెంటనే నవ్వు ఆపేశారు. "మా గురువుగారు ఇది ప్రాణమున్న దేని పేరో అయుండాలంటున్నారు. ఎలుకో, మేకో. మనిషైనా కావచ్చు అంటున్నారు. రోగాన్ని ఇంకొకళ్ళకి అంటగట్టడం అన్నమాట. నాకు మనసొప్పట్లేదు. అలా ఎవరైనా చేస్తారా అక్కయ్యగారూ?"

ఆయన వెనక వరండాలో ఆ పిల్ల కూర్చుని ఉంది. ఒళ్ళో కర్ర. దారం మీద వేలితో రాస్తూ మాకేసి చూస్తోంది.

"ఛ, ఎవరు చేస్తారండీ," అన్నాను. "వాగులో వదిలేస్తాం."

"వాగులోనా?"

"పారే నీళ్ళకి ఇచ్చేస్తే నీళ్ళే పట్టుకుపోతాయి. మా అమ్మమ్మ అలాగే చేసేది."

మాస్టారి మొహం వెలిగిపోయింది. "నేనూ అదే అనుకున్నాను," అన్నారు. "పిల్లల్ని కన్న ఆడమనిషి ఇంకొకళ్ళ పిల్లకి అలా ఎలా చేస్తుంది?"

ఆ మాట ఆయన నన్ను పొగుడుతూ అన్నారు.

ఆ రెండు అక్షరాలు ఎలా పలుకుతాయో కూడా ఆయన వినిపించారు. నాకు గుర్తున్నాయి. రాయను. ఆయన మాత్రం రాశారు. ఆ పగిలిన మాటకి అర్థం ఏరు అనీ, పారే నీళ్ళు అనీ, మా ప్రాంతంలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే చేస్తారనీ పైదేశపు పత్రికకి రాసి పంపారు. గురువుగారు కాదన్నారట. ఆయనతోనే వాదానికి దిగారు. ఆ రోజుల్లో మాస్టారు ఉన్నంత సంతోషంగా నేను ఆయన్ని అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత చూడలేదు. జీవితమంతా రాళ్ళేరిన మనిషికి ఒక్క గింజ దొరికింది. అది నేను పెట్టిన రాయి.

నిజం చెప్పి ఉంటే? ఆ మాట ఆయనకి దక్కేది. నలుగురిలో పేరు దక్కేది. ఆ వెంటనే ఆయన వెనక్కి తిరిగి వరండాలోకి చూసేవారు. కర్రనీ దారాన్నీ చూసేవారు. అక్షరాలు చదివే కళ్ళకి దారం చదవడం ఎంతసేపు? అందుకే చెప్పలేదు. ఆయన మాట పోయినా సరే, నా మొహం నిలబడాలనుకున్నాను.

డెబ్బైలు అయిపోవస్తుండగా ఆ పలక రెండో ముక్క ఎక్కడో దొరికిందట. రెండూ అతికించారట. మాట పూర్తయింది. ఏరు కాదు, నీళ్ళు కాదు. బదులుగా నిలబడే ప్రాణి అని అర్థమట. ఊళ్ళో ముసలమ్మల మాట పట్టుకుని చదువు పాడుచేసుకున్నాడని అక్కడివాళ్ళు నవ్వుకున్నారని మాస్టారే చెప్పారు, తనూ నవ్వుతూ. ఫొటోలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టేశారు. భూతద్దం ఆ పిల్లకి ఆడుకోడానికి ఇచ్చేశారు.

ఆయనే అన్నారు, మీ తప్పేముంది అక్కయ్యగారూ, మన ఊళ్ళో ఒకలా చేస్తారు, వాళ్ళ ఊళ్ళో ఒకలా చేసుంటారు అని. అని, కాసేపు వరండా కేసి చూస్తూ ఉండిపోయారు. అప్పటికి ఆ పిల్లకి బెజవాడలో కాలికి ఇనప పట్టీలు చేయించారు. కర్ర గోడకి ఆనించి ఉంది.

"ఆ ముసలావిడకి పిల్లలు లేరేమోలెండి," అన్నారు. మెల్లగా లోపలికి వెళ్ళిపోయారు.

ఆయనకి తెలిసిందా? తెలిసే అన్నారా? లేక ఊరికే, నా మనసు నొచ్చుకోకూడదని అన్నారా? కూర గిన్నె ఆ తర్వాత కూడా పట్టారు. గిన్నె కేసే చూసేవారు, నాకేసి కాదు. లేకపోతే నేనే ఆయన మొహం చూడలేదా? ఇంత జ్ఞాపకం ఉన్నదాన్ని, ఇది మాత్రం చెప్పలేను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మోసేవాళ్ళతో పాటు వీధి మలుపు దాకా నడిచాను. ఆ మలుపు దగ్గర కూడా చెప్పలేదు.

ఆ పిల్ల చదువుకుంది. విస్సన్నపేటలో టీచరు. పెళ్ళయింది, పిల్లలున్నారు. నడకలో ఆ ఊపు అలాగే ఉంది. వచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని, చిన్నప్పటి కథలు మళ్ళీ చెప్పించుకుని పోతుంది. పోయిన నెల బస్సు దిగి, చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ, నీకొకటి తెచ్చాను పెద్దమ్మా అంది. సంచిలోంచి పంగలకర్ర తీసింది. నాన్న ట్రంకుపెట్టె సర్దుతుంటే దొరికిందట. నువ్విచ్చిందే కదా, ఇది పట్టుకునే నడక నేర్చాను, ఇప్పుడు నీ మనవరాలు బండి తోలుకుంటుంది అంది.

చిన్నోడి కూతురు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆనాడు వాళ్ళిద్దరికీ ఉన్న ఈడే.

దారం రంగు పోయింది. ఏది ఎరుపో ఏది నలుపో తెలీట్లేదు. చుట్టు మాత్రం సడల్లేదు. మనవరాలు చెయ్యి చాచేలోపే నేను లాక్కున్నాను. నాకే చూసి ముచ్చటేసిందని నవ్వారందరూ. వెతుక్కుంటూ వెనక్కి వస్తుందని అమ్మమ్మ అన్నది. అది ఇలా వస్తుందనుకోలేదు. ఆ పిల్ల చేతుల్లోనే, నవ్వుతూ, బస్సెక్కి వస్తుందని అనుకోలేదు.

అటక మీద పెట్టాను. కాల్చడానికి చెయ్యి రాలేదు. వాగులో వదిలేద్దామని ఒకరోజు గట్టు దాకా వెళ్ళాను. నీళ్ళు చూస్తూ ఆగిపోయాను. నీళ్ళకి ఇచ్చే ఆచారం మా ఇంట్లో లేదు. అది నేను పుట్టించింది. పుట్టించిన మాటతో పోయేదేనా అది? కర్ర చెంగులో చుట్టుకుని తిరిగొచ్చాను. మనవరాలు రోజూ అడుగుతోంది, నాన్నమ్మా, అటకమీది కర్ర ఇవ్వవా అని.

ఆ పిల్లకి ఇది చెప్తానా? తెలీదు. చెప్తే నా పక్కన కూర్చోవడం మానేస్తుందనే భయం ఒకటి. మానకపోతే అన్న భయం ఇంకొకటి. ఆ రెండోదే పెద్దది.

మాస్టారి పలక మీద పగిలిన చోటు నింపడానికి అన్ని దేశాలవాళ్ళు అంత కష్టపడ్డారు. నా పలకలో పగిలిన ముక్క నా దగ్గరే ఉంది. అది ఇక్కడ పెడుతున్నాను. అతికించి చదువుకోండి.

ఆడమనిషి ఎర్రదారం, నల్లదారం తీసుకుంటుంది. కలిపి పేనుతుంది. కొడుకు చేతికి చుడుతుంది. తర్వాత విప్పుతుంది. విప్పిన దాన్ని ఎస్తేరుకి ఇస్తుంది.

ఎస్తేరు. రాశాను. గదిలో ఎవరూ లేరు, పైకి కూడా అన్నాను. ఎస్తేరు.

నాలుక మీద ఇప్పుడేమీ లేదు. కర్ర అటక మీద ఉంది.